జరిమానా కట్టలేక సబ్‌జైలుకు వెళ్ళిన మా బాబాయి: ఈ పద్ధతి ఆగేదెలా?

లంకపల్లె (చర్చ మొదలుపెట్టిన సభ్యురాలు), ఆదివారం రాత్రి

ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మా బాబాయి ట్రాలీ ఆటో నడుపుతాడు. లంకలోంచి కొబ్బరికాయ లోడు అంబాజీపేట మార్కెట్‌కి వేస్తాడు. ఆయన లైసెన్సు గడువు అయిపోయి ఏడాది దాటింది. ఏడాది దాటితే ఉత్త రెన్యువల్ కుదరదు, మళ్ళీ టెస్టుకి వెళ్ళాలి. ఒక రోజు కిరాయి పోతుందని వాయిదా వేస్తూ వచ్చాడు. తప్పు ఆయనదే, కాదనను. తనిఖీలో పట్టుకుని కోర్టు తేదీ రాసిచ్చారు. ఆ తేదీ నాటికి గోదారి వచ్చి కాజ్‌వే మునిగిపోయింది, పడవలు కూడా ఆపేశారు. వెళ్ళలేదు. నీళ్ళు తీశాక వెళ్ళి చెప్పుకోవాలని మాకెవరికీ తెలియదు. కార్తీకమాసంలో వారంటు పట్టుకుని కానిస్టేబుల్ వచ్చాడు.

మెజిస్ట్రేటు గారి ముందు బాబాయి తప్పు ఒప్పుకున్నాడు. 5,000 జరిమానా, కట్టకపోతే 15 రోజులు సాధారణ జైలు అన్నారు. పిన్ని కొంగుముడి విప్పి వరండాలో బల్ల మీద లెక్కపెట్టింది. నేను పక్కనే ఉన్నాను. 1,840. అందులో పది రూపాయల బిళ్ళలే నలభై దాకా ఉన్నాయి, ఒలుపు కూలీల టీలకని పాల డబ్బాలో వేసుకున్నవి. "ఇవి ఇప్పుడు జమ చేసుకోండి బాబూ, మిగతావి శనివారం తెచ్చి కడతాం" అంది. "కొంచెం కొంచెం తీసుకోకూడదమ్మా, మొత్తం కట్టాలి" అన్నాడు గుమస్తా. కసిరి అనలేదు, మామూలుగానే అన్నాడు. పిన్ని ఆ బిళ్ళలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే ఏరి మూట కట్టుకుంది. సాయంత్రానికి బాబాయిని సబ్‌జైలుకి తీసుకెళ్ళిపోయారు.

ఆరు రోజులు లోపలున్నాక, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి మొత్తం 5,000 కట్టి విడిపించుకున్నాం. ఆ ఆరు రోజులూ దింపిన కాయ తోటలోనే గుట్టగా పడి ఉంది. షావుకారు వేరే బండి పెట్టుకున్నాడు. ఆ లోడు ఇప్పటికీ మాకు తిరిగి రాలేదు.

కట్టనని మొండికేసినవాడికి జైలంటే అర్థం ఉంది. కట్టడానికి లేనివాడికి జైలెందుకు? ఎక్కడైనా ఇది ఆపారా? ఇక్కడ ఆపాలంటే ఎవర్ని అడగాలి?


మూడుచక్రాలు, తణుకు

అమ్మా, మీ పిన్నిగారి మూట సంగతి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా స్టాండులో ఇలాంటివి ఏడాదికి రెండు మూడు చూస్తాం.

బయటివాళ్ళకి తెలియని లెక్క ఒకటి చెబుతాను. గ్యాసు, ఫైనాన్స్ కిస్తీ పోను రోజుకి 500 మిగిలితే మాకది మంచి రోజు. శూన్యమాసంలో అదీ ఉండదు. 2019 సెప్టెంబరు 1 నుంచి కొత్త జరిమానాలు వచ్చాయి కదా. లైసెన్సు లేకపోతే 5,000. ఇన్సూరెన్స్ లేకపోతే 2,000. తాగి నడిపితే మొదటిసారికే 10,000 దాకా. ఆ ఏడాదే ప్రభుత్వం వాహన మిత్ర కింద ఆటోవాళ్ళకి ఏడాదికి 10,000 ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఇన్సూరెన్స్‌కీ ఫిట్‌నెస్‌కీ సరిపోయేది. జరిమానాకి దాచుకున్న డబ్బు ఏ డ్రైవరు దగ్గరా ఉండదండీ, ఉంటే లైసెన్సే రెన్యువల్ చేయించుకుంటాడు.

మేం 34 బళ్ళవాళ్ళం బండికి రోజుకి పది రూపాయలు ఒక డబ్బాలో వేస్తాం. కోర్టు జరిమానా పడినవాడికి అందులోంచి ఇస్తాం, తర్వాత కొంచెం కొంచెంగా తిరిగి వేస్తాడు. ఒక్క షరతు: తాగి దొరికినవాడికి ఇవ్వం. ఈ షరతు పెట్టిన రోజు స్టాండులో పెద్ద గొడవే అయింది, అయినా నిలబడ్డాం.

మీ బాబాయిగారిలాగా ఒంటరిగా లోడు వేసుకునేవాళ్ళకి స్టాండు లేదు, డబ్బా లేదు. జైలుకి ఎక్కువగా వెళ్ళేది వాళ్ళే.


హైవే216

చెల్లెమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట అమలాపురం దాటాక మా బావమరిది బైకుని ఒక ట్రాలీ గుద్దింది. నడిపినవాడికి లైసెన్సు లేదు, ఇన్సూరెన్స్ లేదు. బయటికి పొడుచుకొచ్చిన ఇనప రాడ్లకి ఎర్రగుడ్డ కూడా కట్టలేదు. మా చెల్లికి అప్పుడు ఏడో నెల. ఇన్సూరెన్స్ లేని బండి కాబట్టి పరిహారం బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని తీర్పొచ్చింది. ఆయన దగ్గరేముంది, గుండుసున్నా. ఇవాళ్టికీ రూపాయి రాలేదు.

"పేదవాడు, వదిలేయండి" అన్న మాట వింటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. ఆ డ్రైవరూ పేదవాడే. అంతకు ముందు దొరికినప్పుడెల్లా అతన్ని ఎవరో ఒకరు జాలిపడి వదిలేసి ఉంటారు. జైలు భయం కూడా తీసేస్తే కాగితాలు ఎవడు సరిచేసుకుంటాడు? లేనివాడికీ ఎగ్గొట్టేవాడికీ తేడా ఎవరు తేలుస్తారు?


లంకపల్లె

అన్నయ్యగారూ, మీ చెల్లెలి సంగతి చదివాక ఏం రాయాలో తెలియలేదు. మీ కోపం న్యాయమైనదే. వదిలేయమని నేను అడగడం లేదు. జరిమానా పడాలి, లైసెన్సు వచ్చేదాకా ఆయన బండి తీయకూడదు కూడా. ఆరు రోజులు లోపల కూర్చోబెట్టినందువల్ల బాబాయికి లైసెన్సు రాలేదు. బయటికొచ్చిన రోజున కూడా అదే గడువు తీరిన కార్డు జేబులో ఉంది. పైగా అప్పు చేరింది. ఇప్పుడు టెస్టు ఫీజు కట్టడం ఇంకా కష్టమైంది. నేను అడిగేది ఇది ఒక్కటే.


వశిష్ట వకీలు, నరసాపురం

ఇరవై ఏళ్ళుగా చిన్న కోర్టుల్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక భయం తీసేద్దాం. ఫోన్‌కి వచ్చిన చలానా కట్టనంత మాత్రాన నేరుగా జైలుకి పంపరు. కేసు కోర్టుకి వచ్చి, మనం వెళ్ళకపోతే వారంటు వస్తుంది. జరిమానా పడి కట్టకపోతే అప్పుడు జైలు. వాయిదాకి వెళ్ళకపోవడమే మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు. వరదలో వెళ్ళలేకపోతే తర్వాతి వారం వెళ్ళి ఒక కాగితం పెట్టుకుంటే చాలా కోర్టుల్లో వింటారు.

జరిమానా బదులు జైలు అనే నియమం శిక్షాస్మృతిలోది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 25వ సెక్షను దాన్ని మిగతా చట్టాల జరిమానాలకీ వర్తింపజేసింది. 2024 జూలై 1 నుంచి ఆ నియమం, శిక్షాస్మృతి బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షనులో ఉంది. లైసెన్సు లేకుండా నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఇలా జైలు కూడా వేయదగ్గ నేరానికి జరిమానా కట్టకపోతే, ఆ నేరానికి గరిష్ఠంగా వేయగల జైలు శిక్షలో నాలుగో వంతు మించి లోపల ఉంచకూడదు. అంటే 22 రోజులు. మీ బాబాయిగారికి వేసిన 15 రోజులు ఆ పరిధిలోనే ఉంది.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. హెల్మెట్ లేకపోతే జరిమానా పడుతుంది, జైలు లేదు. అలాంటి నేరానికి జరిమానా 5,000 లోపు ఉంటే, అది కట్టనందుకు రెండు నెలల దాకా వేయొచ్చు. 10,000 లోపయితే నాలుగు నెలలు, ఆ పైన ఏడాది. జైలే అక్కర్లేదని చట్టం అనుకున్న తప్పుకి, డబ్బు లేనివాడికి మాత్రం రెండు నెలల దాకా తలుపు తెరిచి ఉంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

పిన్నిగారు వరండాలో అడిగింది చట్టంలో ఉంది. నాగరిక సురక్షా సంహిత 464వ సెక్షను, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 424. జరిమానా మాత్రమే విధించి, కట్టకపోతే జైలు అన్న కేసుల్లో మెజిస్ట్రేటు 30 రోజుల గడువు ఇవ్వొచ్చు. లేదా రెండు మూడు వాయిదాల్లో కట్టమనొచ్చు, మొదటిది 30 రోజుల లోపు. బాండు రాయించుకుని మనిషిని ఇంటికి పంపొచ్చు. గుమస్తాకి ఆ అధికారం లేదు, ఆయన చెప్పింది ఆయన మటుకు సరైనదే. అడగాల్సింది లోపల, మెజిస్ట్రేటు గారిని. ఆ మాట ఆ వరండాలో ఎవరూ చెప్పలేదు, అదీ బాధ.

ఇంకొకటి. జైల్లో ఉన్న రోజులకీ, కట్టాల్సిన డబ్బుకీ దామాషా ఉంది, అదీ 8వ సెక్షనులోనే. 15 రోజుల్లో ఆరు రోజులు అనుభవించారంటే ఐదింట రెండు వంతులు అయిపోయినట్టే. మిగిలిన మూడు వంతులకి, అంటే 3,000 కడితే విడుదల చేయాలి. తక్కిన 2,000 బాకీ కింద వసూలుకి రావచ్చేమో గానీ దాని కోసం మనిషిని లోపల ఉంచకూడదు. మీరు వడ్డీకి తెచ్చిన డబ్బులో 2,000 ఆ రోజు అవసరమే లేదు.

హైవే216 గారూ, తేడా ఎవరు తేలుస్తారని అడిగారు. అడిగితే కదండీ తేలేది! జరిమానా బదులు వేసే జైలు అసలు శిక్ష కాదు, కట్టనందుకు వచ్చే పర్యవసానం, దాన్ని విధించేటప్పుడు మనిషి ఆర్థిక పరిస్థితి కూడా చూడాలి అని 2007లో శాంతిలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందే 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, బాకీ తీర్చే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడని తేలకుండా బ్యాంకు అప్పుకి ఎవర్నీ జైల్లో పెట్టకూడదన్నారు. బ్యాంకుకి లక్షలు బాకీ పడ్డవాడికి ఉన్న ఆ రక్షణ, 5,000 జరిమానా బాకీ ఉన్న ట్రాలీ డ్రైవరుకి ఎందుకు ఉండకూడదు?


లంకపల్లె

వకీలు గారూ, ఆ 3,000 లెక్క పిన్నికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక "అయితే పుస్తకాలకి సరిపోను" అంది. చిన్నోడికి ఆ నెలలోనే కొనాల్సినవి కొనలేదు.


డల్లాస్‌లో భీమవరం

ఎక్కడైనా ఆపారా అన్నారు. నేనుండే టెక్సస్‌లోనే ఈ పోరాటం జరిగింది. హ్యూస్టన్‌లో టేట్ అనే ఆయనకి ట్రాఫిక్ జరిమానాలన్నీ కలిపి 425 డాలర్లయ్యాయి. కట్టలేకపోతే రోజుకి 5 డాలర్ల లెక్కన 85 రోజులు నగర జైలు పొలంలో ఉండమన్నారు. ఆ నేరాలకి టెక్సస్ చట్టంలో జైలే లేదు, జరిమానా ఒక్కటే. పైన వకీలు గారు హెల్మెట్ గురించి చెప్పినదే అక్కడా. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న తప్పుకి, డబ్బు లేదన్న ఒక్క కారణంతో వెంటనే జైలుగా మార్చకూడదంది. 1983లో జార్జియా నుంచి వచ్చిన బేర్డెన్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, ఎందుకు కట్టలేదో విచారించకుండా జైలుకి పంపకూడదంది.

తీర్పు వచ్చినంత మాత్రాన ఆగిపోలేదు, అది కూడా చెప్పాలి. మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ ఊళ్ళో పోలీసులూ కోర్టూ జరిమానాలని ఆదాయంలాగా చూస్తున్నారని 2015లో అక్కడి కేంద్ర న్యాయశాఖ నివేదిక బయటపెట్టింది. టెక్సస్‌లో 2017లో చట్టం మార్చాకే, శిక్ష వేసేటప్పుడే "కట్టగలవా?" అని జడ్జి తప్పనిసరిగా అడగాలన్న నియమం వచ్చింది. మొదటి తీర్పుకీ ఈ చట్టానికీ మధ్య 46 ఏళ్ళు.

ఫిన్లాండ్‌లో 1921 నుంచి కొన్ని నేరాలకి ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తున్నారు, బాగా స్పీడుగా నడిపితే కూడా అంతే. కోటీశ్వరుడికి వేల యూరోల్లో పడుతుంది, కూలివాడికి కూలికి తగ్గట్టు పడుతుంది. హైవే216 గారు అన్న భయం అప్పుడు ఇద్దరికీ సమానంగా ఉంటుంది. ఇప్పుడు మన దగ్గర 5,000 అంటే కారువాడికి ఒక పూట హోటల్ బిల్లు.


మాష్టారు, పాలకొల్లు

మన దగ్గర ప్రభుత్వాలు ఎంచుకున్న దారి డిస్కౌంటు. 2022 మార్చిలో తెలంగాణలో టూవీలర్ చలానాలకి 75 శాతం తగ్గించారు. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలో సగం తగ్గించారు. లోక్ అదాలత్‌లో తగ్గించి కొట్టేయించుకోవడం సరేసరి. నాకు ఇది నచ్చదు. బుద్ధిగా మొదటి వారంలోనే కట్టినవాడు మొత్తం కట్టాడు, ఏళ్ళ తరబడి ఆగినవాడు పావలా వంతు కట్టాడు. బుల్లెట్ బండి ఉన్నవాడికీ అదే తగ్గింపు, పాలబ్బాయికీ అదే. ఇందులో పేదరికం లెక్క ఎక్కడుంది?

సమాజ సేవ మాట ఎవరూ ఎత్తలేదు. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టం 200వ సెక్షనులోనే, కేసు రాజీ చేసేటప్పుడు డబ్బుతో పాటు సమాజ సేవ కూడా చేయించే వీలు పెట్టారు. మా బడి ముందు కాలవ వంతెన దగ్గర పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని రోడ్డు దాటించడానికి మనిషి లేడు. డబ్బు లేనివాడి చేత జరిమానా బదులు ఒక నెల రోజులు పూటకి గంట ఆ పని చేయించండి.


మూడుచక్రాలు, తణుకు

మాష్టారూ, గంటయితే చేస్తామండీ. రోజంతా అంటే మాత్రం ఆ రోజు కూలి పోయినట్టే, అదీ జరిమానాయే. పొద్దున తొమ్మిది మాకు బేరాల వేళ. ఆదివారం గానీ, సాయంత్రం బడి వదిలే వేళ గానీ పెడితే మావాళ్ళు కాదనరు.


విశ్రాంత వార్డరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఈ మాటలు చెప్పే చోటు దొరకలేదు. రాజమండ్రి వైపు, తర్వాత డెల్టాలో చిన్న జైళ్ళలో చేశాను.

జరిమానా కట్టలేక వచ్చినవాణ్ణి మొదటి రాత్రే గుర్తుపట్టొచ్చు. అన్నం ముట్టడు. "పొద్దున్నే మావాళ్ళు తెస్తారండీ" అని పదిసార్లు చెబుతాడు. మూడో రోజుకి ఆ మాట ఆపేస్తాడు. దొంగతనాల కేసులవాళ్ళూ అతనూ ఒకే గదిలో పడుకుంటారు, చిన్న జైల్లో వేరే పెట్టడానికి గదులెక్కడివి? చలానా మీద వచ్చిన కుర్రాడికి లోపల ఎవరితో స్నేహం కలిసిందో నేను కళ్ళారా చూశాను, తర్వాత అతను ఏ కేసులో వచ్చాడో కూడా చూశాను.

ఉపయోగపడే సంగతి ఒకటి. పేద ఖైదీల విడుదలకి కేంద్రం డబ్బిస్తుందని 2023-24 బడ్జెట్‌లో ప్రకటించారు. 2023లో వచ్చిన ఆ పథకం నియమాల్లో జరిమానా కట్టలేని శిక్షపడినవాళ్ళకి 25,000 దాకా, బెయిలు పూచీకత్తు కట్టలేని విచారణ ఖైదీలకి 40,000 దాకా ఇవ్వొచ్చన్నారు. కలెక్టరు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి వగైరాలతో కమిటీ ఉంటుంది. జైలు సూపరింటెండెంటు కబురు చేయాలి. మంచి పథకమే. కానీ పది పదిహేను రోజుల శిక్ష మీద వచ్చినవాడి కాగితాలు కదిలేలోపు శిక్షే అయిపోతుంది. ఇది పెద్ద జరిమానాలవాళ్ళకి పనికొస్తుంది, ఈ అమ్మాయి బాబాయిలాంటి వాళ్ళకి కాదు. వాళ్ళని లోపలికి రాకముందే ఆపాలి.


హైవే216

రెండు రోజులు ఆలోచించాను. ఫిన్లాండ్ పద్ధతి గురించి మా చెల్లితో కూడా మాట్లాడాను.

తాగి నడిపినవాడి విషయంలో నేను మారను. అక్కడ జైలు ఉండాల్సిందే, డబ్బున్నవాడికీ లేనివాడికీ. 10,000 పారేసి వెళ్ళిపోయే కారువాణ్ణి చూస్తే నాకు ఇంకా మంట. లైసెన్సు గడువు దాటడం, హెల్మెట్, లైటు లేకపోవడం లాంటి వాటికి వాయిదాలు ఇవ్వడం సరేనంటాను. షరతు ఒకటి: ఆఖరి వాయిదా కట్టే రోజున కొత్త లైసెన్సు చూపించాలి. ఇన్సూరెన్స్ లేని లోడు బండి విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆ నొప్పి మీకు చెప్పాను.


వశిష్ట వకీలు, నరసాపురం

ఇన్సూరెన్స్ గురించి మీ మాట కాదనే ధైర్యం నాకు లేదండీ. ఆ బండి రోడ్డెక్కకుండా ఆపాలి, అందులో సందేహం లేదు. బండిని ఆపడం వేరు, మనిషిని లోపలేయడం వేరు అని మాత్రం అంటాను.

చట్టం మారేదాకా ఒక చిన్న పని చేయొచ్చు. కోర్టులో ఇచ్చే అర్జీ ఒకటి తెలుగులో రాసి పెడుతున్నాను, ఎవరైనా వాడుకోండి:

"గౌరవనీయులైన మెజిస్ట్రేటు గారికి. ఈ కేసులో నాకు … రూపాయల జరిమానా విధించారు. నేను … పని చేస్తూ నెలకు సుమారు … రూపాయలు సంపాదిస్తున్నాను. నా మీద … మంది ఆధారపడి ఉన్నారు. బియ్యం కార్డు నకలు జతపరిచాను. ఈ రోజు … రూపాయలు కట్టగలను. మిగిలిన మొత్తాన్ని నాగరిక సురక్షా సంహిత 464వ సెక్షను ప్రకారం … వాయిదాల్లో కట్టడానికి అనుమతించి, జైలు శిక్ష అమలును అంతవరకు నిలిపివేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

వకీలుని పెట్టుకునే డబ్బు లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది.


లంకపల్లె

బాబాయి రేపు టెస్టుకి వెళ్తున్నాడు. కూడా నేను వెళ్తున్నాను. ఈ అర్జీ పది కాపీలు తీయించాను. కోర్టు వరండాలో టీ అమ్మే ఆవిడ దగ్గర నాలుగు పెడతానంది పిన్ని, అడిగినవాళ్ళకి ఇమ్మని.


మూడుచక్రాలు, తణుకు

మా స్టాండు గోడకి ఒకటి అంటిస్తానమ్మా. ఆ 15100 మాత్రం పైన పెద్ద అంకెల్లో వేయండి, మావాళ్ళలో సగం మందికి చత్వారం.